పాటకు పూచీ ఎవరిది?

(సంగీత, సాహిత్య విద్యార్థుల సభలో ఒక గేయ రచయిత చేసిన ప్రసంగమిది. ఆ రోజు రాలేకపోయినవారి కోసం ధ్వనిముద్రణ నుంచి రాసి ఇస్తున్నాము. తడబాట్లు మాత్రమే తీసేశాము.)

సభకు నమస్కారం. ముందు వరుసల్లో కూర్చున్న విద్యార్థులకు, వెనుక నిలబడి ఉన్న పెద్దలకు నమస్కారం. అయ్యా, గోడ పక్కన కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, దయచేసి కూర్చోండి. కృత్రిమ మేధ పాట రాస్తే, వరుస కడితే, పాడితే మన సంగతి ఏమిటి అన్న విషయం మీద మాట్లాడమని నిర్వాహకులు అడిగారు. నేను నలభై ఏళ్లుగా పాటలు రాస్తున్నవాణ్ణి, అందులో సగం కాలం సంగీత పాఠాలు చెప్పినవాణ్ణి. కంప్యూటర్ శాస్త్రం చదువుకోలేదు. అయినా రెండేళ్లుగా ఈ యంత్రాలను ముందు పెట్టుకుని పని చేశాను కాబట్టి, చూసింది చూసినట్టు చెబుతాను.

మొన్న వినాయక చవితికి మా వీధి పందిట్లో ఒక కొత్త పాట వినిపించింది. చక్కని తాళం, నిండైన గొంతు, వెనుక కోరస్. మా వీధి పేరు, పందిరి వేసిన పిల్లల పేర్లు కూడా ఆ పాటలో ఉన్నాయి. ఇంటర్మీడియట్ చదివే కుర్రవాడు ఫోనులో నాలుగు మాటలు టైపు చేస్తే, పందిటికి తోరణం కట్టేలోగా పాట వచ్చేసిందట. పిల్లలు గంతులు వేశారు. నేనూ సంతోషించాను, ఆ మాట మీ దగ్గర దాచను. అయితే రెండో చరణంలో ఒక చోట, విఘ్నాలు తొలగించే స్వామి అనవలసిన చోట, విఘ్నాలు కలిగించే స్వామి అని ఉంది. ఆ కుర్రవాణ్ణి పిలిచి, "బాబూ, ఈ మాట ఎవరు రాశారు?" అని అడిగాను. "నేను రాయలేదు తాతగారూ, అదే రాసింది" అన్నాడు. "మరి ఎందుకలా రాసిందో దాన్ని అడుగుదామా?" అన్నాను. "అడిగితే క్షమించమని చెప్పి ఇంకో పాట ఇస్తుంది తాతగారూ" అన్నాడు.

ఆ పిల్లవాడి తప్పు ఇందులో ఏమీ లేదు. కాని ఆ జవాబు అప్పటి నుంచీ నా మనసులో ఉండిపోయింది. మన ఊళ్లలో ఎవరైనా అప్పు తీసుకుంటే పత్రం మీద పూచీదారు సంతకం ఉంటుంది. తీర్చవలసినవాడు తీర్చకపోతే నేనున్నానని చెప్పే మనిషి అతను. పాటకూ అటువంటి పూచీ ఒకటి ఉంది. ఈ మాట ఇక్కడ ఎందుకు వేశావు, ఈ రాగం ఎందుకు పట్టావు, ఈ చోట ఎందుకు ఆగావు అని ఎవరైనా అడిగితే లేచి నిలబడి జవాబు చెప్పే మనిషి ఒకరు ఉండాలి. ఈ రోజు నేను మాట్లాడబోయేదంతా ఆ పూచీ గురించే. యంత్రం పాట కట్టగలదా అన్న ప్రశ్న అయిపోయింది. కట్టగలదు, మనమంతా విన్నాము. ఆ పాటకు పూచీ ఎవరిది అన్నది మిగిలింది.

కొత్త వాయిద్యం వచ్చినప్పుడల్లా పాతతరం వాళ్లు ఇలాగే భయపడతారని మీలో కొందరు అనుకుంటూ ఉండవచ్చు. అనుకోవడం న్యాయమే. ఆకాశవాణి 1940లో హార్మోనియాన్ని నిషేధించింది, తెలుసా మీకు? దాదాపు ముప్పై ఏళ్ల పాటు, 1971 దాకా, ఆ వాయిద్యానికి రేడియోలో చోటు లేకపోయింది. దాని మెట్లు కదలవు, ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారడం దానికి రాదు, మన గమకాన్ని, అంటే స్వరాన్ని ఊపి పలికే తీరును, చంపుతుంది అన్నారు. ఆ వాదనలో నిజం లేకపోలేదు. అయినా మన పద్యనాటకాన్ని హార్మోనియం లేకుండా ఊహించగలరా? సురభి నాటక సమాజాల వాళ్లు ఊరూరా తిరిగిన కాలంలో హార్మోనియం ఇచ్చే శ్రుతి మీదే కదా ఎన్నో గొంతులు నిలబడ్డాయి? కాబట్టి యంత్రం వచ్చింది, సంగీతం పోయింది అని నేను అనను. కాని ఒక తేడా ఉంది, జాగ్రత్తగా వినండి. హార్మోనియం మెట్ల మీద ఒక మనిషి వేళ్లు ఉండేవి. హార్మోనియం తయారు చేయడానికి ఎవరి గొంతూ, ఎవరి పాటా తీసుకోలేదు, కొయ్య, తోలు, ఇత్తడి చాలాయి. ఇప్పుడు వచ్చిన యంత్రం పాటలతో తయారైంది. మన పాటలే దాని కొయ్య, మన గొంతులే దాని ఇత్తడి.

ఇది ఎలా వచ్చిందో రెండు మాటల్లో చెబుతాను. కంప్యూటర్ చేత సంగీతం కట్టించాలన్న ఆలోచన కొత్తది కాదు. అమెరికాలో ఇల్లినాయిస్ విశ్వవిద్యాలయంలో లెజారెన్ హిల్లర్, లెనర్డ్ ఐజాక్సన్ అనే ఇద్దరు 1957 నాటికే నాలుగు తంత్రీ వాయిద్యాల కోసం ఇలియాక్ కంప్యూటర్ చేత ఒక రచన చేయించారు. ఆ పద్ధతిలో మనుషులు ముందుగా నియమాలు రాసి ఇచ్చేవారు, యంత్రం పాచికలు వేసినట్టు స్వరాలు ఎంచి, నియమానికి ఒదిగినవి ఉంచేది. నియమం రాసినవాడు ఎవరో తెలుసు కనుక అక్కడ పూచీ ఉంది. 2020లో ఓపెన్ఏఐ సంస్థ జ్యూక్‌బాక్స్ అనే నమూనా విడుదల చేసింది. దానికి నియమాలు ఎవరూ రాసి ఇవ్వలేదు, 12 లక్షల పాటలు వినిపించారు. అందులో సగం, అంటే 6 లక్షలు, ఇంగ్లీషు పాటలు. ఒక్క నిమిషం పాట తయారు కావడానికి అప్పట్లో సుమారు 9 గంటలు పట్టేది. మూడు నాలుగేళ్లు తిరిగేసరికి సునో, ఉడియో వంటి పాటలు కట్టే యంత్రాలు వచ్చి, మనం టీ తాగేలోగా పూర్తి పాట చేతికి ఇస్తున్నాయి. లోపల జరిగే పని స్థూలంగా ఒకటే. ధ్వనిని చిన్న చిన్న తునకలుగా కోసి, ఒక్కో తునకకు ఒక్కో గుర్తు పెట్టి, ఈ గుర్తు తరువాత ఏ గుర్తు రావడానికి ఎక్కువ అవకాశం ఉందో లక్షల పాటల నుంచి నేర్చుకుంటుంది. ఎక్కువమంది ఎలా పాడారో అటే దాని మొగ్గు. కొత్తగా, వింతగా చేయమంటే చేస్తుంది, కాని ఆ వింత కూడా ఎక్కడో ఎవరో వేసిన దారిలోంచే వస్తుంది.

ఇక తెలుగు దగ్గరకు వద్దాము. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఓపిక పట్టండి.

మన భాషలో దీర్ఘం ఒక అలంకారం కాదు, అర్థం. "మది" అంటే మనసు. మొదటి అక్షరం సాగిందా, "మాది" అవుతుంది. "నది" సాగితే "నాది" అవుతుంది. అందుకే వరుసకు పాట రాసేటప్పుడు, స్వరం ఎక్కడ సాగుతుందో అక్కడ గురువు పడేలా, ఎక్కడ తెగుతుందో అక్కడ లఘువు పడేలా చూసుకుంటాము. సంగీత దర్శకుడు తాన నాన అని వరుస పాడి వినిపిస్తే, రచయిత ముందుగా చేసే పని ఆ నడకను చెవిలో వేసుకుని మాత్రలు లెక్కపెట్టడమే. నేను ఈ యంత్రాల చేత వాన మీద, ఊరి చెరువు మీద, తల్లి మీద ఎన్నో పల్లవులు రాయించి పాడించాను. గొంతు బాగుంటుంది, ఉచ్ఛ్వాస నిశ్వాసలు కూడా వినిపిస్తాయి. కాని "మది" అన్న మాట సాగే స్వరం మీద పడినప్పుడు ఏ జంకూ లేకుండా "మాది" అని పాడేస్తుంది. కళ, కల రెండూ ఒకటే అవుతాయి. "వాణి"లోని ణకారం నకారమై పోతుంది. ఒక పాటలో సరిగ్గా పలికిన మాటనే మళ్లీ వచ్చినప్పుడు వేరుగా పలుకుతుంది. ఇవి రేపో మాపో సరిపోవచ్చు, నేను కాదనను. చెప్పదలచింది వేరే. మనిషి గాయకుడు అలా పాడితే స్టూడియోలో గాజు గది ఇవతల నుంచి రచయిత మీట నొక్కి, "అమ్మా, ఇంకోసారి, అక్కడ హ్రస్వం" అంటాడు. ఆమె తలాడించి సరిచేస్తుంది, ఆ తరువాత జీవితమంతా ఆ మాటను జాగ్రత్తగా పలుకుతుంది. ఎంతమంది పెద్ద గాయకుల ఉచ్చారణ ఆ గాజు గదుల్లో దిద్దుకున్నదో సినిమా రంగంతో పరిచయం ఉన్నవారికి తెలుసు.

ప్రాస సంగతి చూడండి. యంత్రం రాసిన తెలుగు పల్లవి ఏదైనా తీసుకోండి, నేను చూసినవాటిలో దాదాపు అన్నీ పాదం చివర మాత్రమే కలుస్తాయి. అంత్యప్రాస మనకూ ఉంది, మన జానపదులూ వాడారు, సినిమా కవులూ వాడారు. కాని మన చెవి చివరి అక్షరంతో పాటు రెండో అక్షరం కోసం కూడా ఎదురు చూస్తుంది, పాదం మధ్యలో యతి దగ్గర ఒక ఊత కోసం ఎదురు చూస్తుంది. ఛందస్సు చదవని పల్లెటూరి ముసలమ్మ పాడే ఊయల పాటలో కూడా ఆ ఊత ఉంటుంది. గురజాడ ముత్యాలసరం అనే ఛందస్సు పట్టుకున్నప్పుడు ఆ మూడు, నాలుగు మాత్రల నడక జనం నోళ్లలో ముందే ఉంది కాబట్టే అది అంత తొందరగా నాటుకుంది. యంత్రం విన్న పాటల్లో ఎక్కువ భాగం పాదాంతంలో కలిసే భాషలవి. తెలుగు మాటలను ఆ కొలతకు కత్తిరించి ఇస్తున్నది. మన పిల్లలు రోజూ అవే విని, పాట అంటే ఇంతే కాబోలు అనుకుంటే, చెవి మారిపోతుంది. చెవి మారిపోతే తిరిగి తెచ్చుకోవడం చాలా కష్టం.

గమకం గురించి విద్యార్థులు తప్పక అడుగుతారు కాబట్టి ముందే చెబుతాను. తోడి రాగంలో గాంధారం, అంటే గ స్వరం, ఒక చోట నిలబడదు, ఊగుతుంది. ఆ ఊపును యంత్రం అనుకరించగలదు, విన్నాను. కాని నేను విన్నంతలో, నాలుగు ఆవర్తనాలు, అంటే తాళం నాలుగు చుట్లు, దాటేసరికి ఏ స్వరానికి ఏ గమకం అన్న కట్టు సడలుతుంది. ఈ విషయం మీద శ్రద్ధగా పని చేసినవాళ్లు లేకపోలేదు. బార్సిలోనాలోని పాంపేయు ఫాబ్రా విశ్వవిద్యాలయంలో షవియెర్ సెర్రా నాయకత్వంలో 2011లో మొదలైన కాంప్‌మ్యూజిక్ అనే పరిశోధనలో మన ఐఐటీ మద్రాసు పరిశోధకులు కూడా పాలుపంచుకున్నారు. కర్ణాటక, హిందుస్తానీ సంగీతాలను వాటి లెక్కలోనే కంప్యూటరుకు ఎలా తెలియజెప్పాలని వాళ్లు ఏళ్ల తరబడి శ్రమించారు. ఆ పరిశోధన కోసం సేకరించిన కచేరీల్లో పాడినవారెవరో, వాయించినవారెవరో, ఏ రాగమో, ఏ తాళమో రాసి ఉంటుంది. ఆ పద్ధతి నాకు గౌరవనీయంగా కనిపిస్తుంది. ఎవరి దగ్గర నేర్చుకున్నామో చెప్పుకోవడం మన సంప్రదాయంలో మొదటి పాఠం కదా?

ఇప్పుడు అన్నమయ్య దగ్గరకు వస్తాను. కృత్రిమ మేధ ప్రసంగంలో అన్నమయ్య ఎందుకు అంటారా? నాకైతే ఈ చర్చ మొత్తానికీ కీలకం అక్కడే ఉంది.

అన్నమాచార్యుల వారు ముప్పై రెండు వేల సంకీర్తనలు చేశారని ఆయన మనుమడు చిన్నన్న చెప్పాడు. రాగిరేకుల మీద చెక్కించి తిరుమల ఆలయంలో సంకీర్తన భాండారంలో భద్రపరచినవాటిలో మనకు దక్కినవి పన్నెండు వేలకు పైన. ప్రతి సంకీర్తనకూ రాగం పేరు ఉంటుంది. ముఖారి అని, బౌళి అని, సామంతం అని, గుండక్రియ అని. కాని స్వరలిపి లేదు. అయిదు వందల ఏళ్ల నాటి వరుస మనకు చేరలేదు. మరి ఈ రోజు ఇంటింటా వినిపించే అన్నమయ్య పాటలకు వరుసలు ఎక్కడివి? గడిచిన వంద ఏళ్లలో మనుషులు కూర్చుని కట్టినవి. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారు, బాలాంత్రపు రజనీకాంతరావు గారు, మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారు, నేదునూరి కృష్ణమూర్తి గారు, గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ గారు, ఇంకా ఎందరో. మాట ఒకరిది, వరుస మరొకరిది, మధ్యన అయిదు శతాబ్దాలు. అంటే పోయిన వరుస స్థానంలో కొత్త వరుస పెట్టడం అనే పని, ఈ రోజు యంత్రం చేస్తానంటున్న పని, మనం వందేళ్లుగా చేస్తూనే ఉన్నాము. ఎలా చేశామో చూస్తే, ఏమి కాపాడుకోవాలో తెలుస్తుంది.

వరుస లేని సంకీర్తనలు ఇంకా వేలు ఉన్నాయి. యంత్రానికి ఇస్తే వారం రోజుల్లో అన్నిటికీ కట్టి పెడుతుంది. నేను ఒకటి ఇచ్చి చూశాను. శృంగార సంకీర్తన, రేకు మీద ముఖారి అని ఉంది. పది వరుసలు అడిగాను, పదీ ఇచ్చింది. వినసొంపుగానే ఉన్నాయి. కాని పదింటిలోనూ ఒకే చోట నా మనసు ఆగిపోయింది. అన్నమయ్య చరణం చాలా సార్లు చరణంలో పూర్తి కాదు. చివరి పాదంలో వాక్యం సగంలో ఉంటుంది, మళ్లీ పల్లవి ఎత్తుకుంటేనే క్రియ దొరికి అన్వయం కుదురుతుంది. చదువుతూ పోతే తెలియదు, పాడితే తెలుస్తుంది. వరుస కట్టేవాడు ఆ చోటును ఒక వంతెనలా కట్టాలి. చరణం చివరి స్వరం పల్లవి మొదటి మాటను చేయి పట్టుకుని తీసుకురావాలి. యంత్రం ఇచ్చిన పది వరుసల్లోనూ సరిగ్గా అక్కడే వేణువు, తబలా వచ్చి నాలుగు ఆవర్తనాలు వాయించాయి. ఎందుకంటే, అది విన్న లక్షల పాటల్లో చరణం అయిపోగానే వాయిద్యం వస్తుంది. నాయిక చెప్పబోయే మాట సగంలో తెగిపోయింది. ఎవరి మీద కోపమో, ఎందుకు కోపమో వినేవారికి అందకుండా పోయింది.

చెబితే సరిచేస్తుంది కదా అంటారు. చేస్తుంది, నేను చెప్పాను, చేసింది కూడా. అయితే చెప్పింది ఎవరు? ఆ వాక్యం ఎక్కడ పూర్తవుతుందో చదివి తెలుసుకున్న మనిషి. నేను అదే చెబుతున్నాను. వరుస కట్టడం అంటే చదవడం. రాళ్లపల్లి వారు గొప్ప సంస్కృతాంధ్ర ప్రాకృత పండితులు కావడం, గొప్ప సంగీతజ్ఞులు కావడం రెండూ వేరు వేరు సంగతులు కావు. రేకుల్లోని మాటను పరిష్కరించిన కంటితోనే ఆయన స్వరం కూడా రాశారు. ఈ రోజు వినిపించే చాలా సంకీర్తనలు రేకు మీద ఉన్న రాగంలో కాక వేరే రాగాల్లో ఉన్నాయి. అది తప్పని కొందరు పండితులు గట్టిగా వాదిస్తారు. తప్పు కాదు, ఆ రాగాల స్వరూపమే మారిపోయిందని ఇంకొందరు అంటారు. ఆ వాదన జరగాలి. ఫలానా వారు ఫలానా రాగంలో కట్టారు అని పేరు పెట్టి అడగగలిగాము కాబట్టే అది జరుగుతున్నది. యంత్రం కట్టిన వేల వరుసలు పేరు లేకుండా అంతర్జాలంలో నిండిపోతే, రేపు ఒక పిల్ల వాటిలో ఒకటి నేర్చుకుని ఇదే అన్నమయ్య వరుస అని పాడితే, ఆ వాదన ఎవరితో చేయాలి?

గొంతు సంగతికి వస్తాను. 2020 సెప్టెంబరు 25న బాలసుబ్రహ్మణ్యం గారు వెళ్లిపోయారు. 2023లో వచ్చిన ఒక తెలుగు సినిమాలో కృత్రిమ మేధ సాయంతో ఆయన గొంతు వినిపించింది. తమకు చెప్పకుండా, అనుమతి తీసుకోకుండా వాడారని ఆయన కుమారుడు చరణ్ గారు 2024 ఆరంభంలో లాయరు నోటీసు పంపారు. సరిగ్గా ఆ రోజుల్లోనే ఏ.ఆర్. రెహమాన్ గారు ఒక తమిళ సినిమా పాటలో చనిపోయిన ఇద్దరు గాయకుల గొంతులు, 1998లో పోయిన షాహుల్ హమీద్ గారిది, 2022లో పోయిన బంబా బాక్యా గారిది, ఇదే సాంకేతికతతో వాడారు. వాడేముందు రెండు కుటుంబాలనూ అడిగి, అనుమతి తీసుకుని, పారితోషికం ఇచ్చామని స్వయంగా ప్రకటించారు. రెండు చోట్లా సాంకేతికత ఒకటే. అడగడం అన్న ఒక్క పనిలో ఎంత తేడా వచ్చిందో చూడండి. అయితే రెహమాన్ గారి పద్ధతిలో కూడా నాకు ఒక సందేహం మిగిలింది, మర్యాదగానే చెబుతాను. కుటుంబం అనుమతి ఇవ్వగలదు, పారితోషికం తీసుకోగలదు. కాని ఈ మాట నేను పాడను అని చెప్పగలిగిన నోరు ఇప్పుడు లేదు. పెద్ద గాయకులు సాహిత్యం నచ్చక పాట వదులుకున్న సందర్భాలు ఉంటాయి. ఆ వదులుకోవడం కూడా వారి గొంతులో భాగమే.

బతికి ఉన్నవారి విషయంలో న్యాయస్థానాలు స్పష్టంగానే మాట్లాడుతున్నాయి. 2024 జూలైలో బొంబాయి హైకోర్టు గాయకుడు అర్జిత్ సింగ్ గారి వ్యాజ్యంలో, ఆయన అనుమతి లేకుండా ఆయన గొంతును నకలు చేసే పరికరాలను నిలిపివేయమంటూ మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. పేరున్నవారికి ఆ బలం ఉంది. పేరు లేనివారి మాటేమిటి? నా దగ్గర చదువుకున్న ఒక అమ్మాయి పదేళ్లుగా ట్రాకులు పాడుతున్నది. ట్రాకు అంటే తెలుసు కదా? పెద్ద గాయని వచ్చి పాడేలోపు వరుస వినిపించడానికి ముందుగా పాడి పెట్టేది. నెలకు పది పన్నెండు ట్రాకులు పాడే పిల్లకు ఇప్పుడు రెండు దొరకడం కష్టమైంది. సంగీత దర్శకులు తామే పాడి, ఆ గొంతును ఆడగొంతుగా, కావలసిన గొంతుగా మార్చుకుంటున్నారు. ట్రాకు పాడిన గొంతు నచ్చి, ఇదే ఉంచేద్దాము అనుకున్న రోజున ఒక కొత్త గాయని పుడుతుంది. మన రంగంలో ఎంతోమంది ఆ తలుపు గుండానే లోపలికి వచ్చారు. ఆ తలుపు మూసుకుంటున్నది. ఒకనాడు సింథసైజర్లు వచ్చి స్టూడియోలో బారులు తీరి కూర్చునే వయొలిన్ కళాకారులకు పని లేకుండా చేసినప్పుడు మనం పెద్దగా మాట్లాడలేదు. నేను మాట్లాడలేదు. ఈ సారి మాట్లాడాలి.

డబ్బు, చట్టం గురించి తక్కువగానే చెబుతాను, అది తెలిసిన న్యాయవాదులు ఇక్కడే ఉన్నారు. 2024 జూన్‌లో అమెరికాలో మూడు పెద్ద రికార్డు సంస్థలు సునో, ఉడియోల మీద దావా వేశాయి. ఆ తరువాత సునో కోర్టుకు ఇచ్చిన సమాధానంలో, అంతర్జాలంలో అందుబాటులో ఉన్న, తగిన నాణ్యత గల సంగీతమంతా దాదాపుగా తమ యంత్రానికి ఇచ్చిన శిక్షణలో ఉందని ఒప్పుకున్నది. 2025 చివరికి వాటిలో కొన్ని దావాలు లైసెన్సు ఒప్పందాలుగా మారాయి. 2025 నవంబరులో మ్యూనిక్ న్యాయస్థానం, తొమ్మిది జర్మన్ పాటల సాహిత్యం విషయంలో ఓపెన్ఏఐ హక్కులను ఉల్లంఘించిందని తీర్పు చెప్పింది. మన దేశంలో కాపీరైటు చట్టానికి 2012 సవరణ వచ్చాకే రచయితకు, స్వరకర్తకు రాయల్టీ వదులుకోవడానికి వీలులేని హక్కుగా దక్కింది. అంతకుముందు ఒక్క సంతకంతో అంతా నిర్మాతకు పోయేది, ఆ సంతకాలు నేనూ చేశాను. 2025 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వ పరిశ్రమల ప్రోత్సాహక విభాగం కమిటీ ఒక పత్రం విడుదల చేసింది. శిక్షణకు రచనలు వాడుకోవడానికి తప్పనిసరి లైసెన్సు ఉండాలి, వాడుకున్నవారు రాయల్టీ కట్టాలి అన్నది అందులోని ప్రతిపాదన. డబ్బు వస్తుంది, మంచిదే. కాని తప్పనిసరి లైసెన్సు అంటే, నా పాట ఇవ్వను అనే హక్కు రచయితకు ఉండదు. ఈ సంగతి మీరు గమనించాలి.

ఆ రాయల్టీ ఎవరికి చేరుతుంది? పేరు నమోదైన వారికి. మరి నాగర్‌కర్నూల్ జిల్లా దర్శనం మొగిలయ్య గారి పన్నెండు మెట్ల కిన్నెర పాటకు రచయిత ఎవరు? ఆయనకు 2022లో పద్మశ్రీ వచ్చింది, మనమంతా ఆయన కిన్నెర విన్నాము. అదే ఏడాది పద్మశ్రీ అందుకున్న కోయ డోలు కళాకారుడు సకిన రామచంద్రయ్య గారు 2024లో కన్నుమూశారు. సమ్మక్క సారలమ్మ కథను, కోయ వంశాల కథలను ఆయన నోటితో మోశారు. ఒగ్గుకథ, జముకుల కథ, తప్పెటగుళ్లు, శారదకాండ్ర పాట, ఇవన్నీ ఒక కులానిదో ఒక ఊరిదో ఉమ్మడి సొత్తు. ఎవరో సరదాగా తీసిన వీడియో నుంచి ఆ గొంతు యంత్రంలోకి వెళ్తుంది. జానపద బాణీ అని టైపు చేస్తే బయటికి వస్తుంది. ఆ ఊరికి ఒక్క రూపాయి కూడా చేరే దారి నాకు ఏ చట్టంలోనూ కనిపించలేదు. ఇక్కడ ఉన్న న్యాయవాద మిత్రులను నేను చేతులు జోడించి అడుగుతున్నాను, ఈ ఒక్క విషయం పట్టుకోండి.

నేను ఈ యంత్రాలను వాడనా? వాడతాను. పాత టేపుల్లో గొంతును, వాయిద్యాన్ని, రొదను విడదీసే పనిముట్లు ఉన్నాయి, వాటిలో కొన్ని ఉచితంగానే దొరుకుతాయి. మా గురువుగారి పాఠాలు ఉన్న క్యాసెట్లలో సగం ఫ్యాను చప్పుడే ఉండేది. ఇప్పుడు ఆయన శ్వాస తీసుకోవడం కూడా వినిపిస్తున్నది, మొదటిసారి విన్నప్పుడు నాకు కన్నీళ్లు ఆగలేదు. బీటిల్స్ అనే ఇంగ్లండు పాటల బృందంలోని జాన్ లెనన్ 1970లలో ఇంట్లో టేపు మీద పాడుకున్న పాటను ఇదే విధంగా పియానో నుంచి వేరు చేసి, 2023లో బీటిల్స్ పేరు మీద విడుదల చేశారు. 1995 ప్రాంతంలో ప్రయత్నించి, శబ్దం బాగా లేక వదిలేసిన పని అది. అక్కడ గొంతు ఆయనదే, మాట ఆయనదే, ఉన్నదాన్ని వినిపించేలా చేశారు. విద్యార్థులకు తాళం వేయడానికి, శ్రుతి సరిచూసుకోవడానికి, ఒక రాగంలో ఎన్ని కీర్తనలు ఉన్నాయో వెతకడానికి కూడా యంత్రం మంచి తోడు. వాడండి. వాడిన చోట వాడామని రాయండి, అంతే నేను అడిగేది. ఫ్రాన్సు దేశపు డీజర్ అనే పాటల సంస్థకు 2025 ఏప్రిల్‌లో రోజుకు సుమారు 20,000 పూర్తి యంత్ర గీతాలు వస్తుంటే, నవంబరు నాటికి అవి 50,000 అయ్యాయి. అంటే చేరే పాటల్లో 34 శాతం. వాళ్లు వాటికి గుర్తు వేస్తున్నారు. వాళ్లు చేయించిన సర్వేలో నూటికి 97 మంది ఏది యంత్రానిదో, ఏది మనిషిదో పోల్చుకోలేకపోయారు. చెవి పోల్చలేని రోజున, పాట కింద రాసిన పేరే మనకు ఆధారం. అందుకని మా వీధి కుర్రవాడికి నేను ఒక పని చెప్పాను. వచ్చే చవితికి కూడా యంత్రంతోనే పాట చేసుకో, కాని ప్రతి మాటా చదివి, తప్పు దిద్ది, కింద నీ పేరు రాయి అన్నాను. "అప్పుడు తప్పులుంటే నన్ను తిడతారు కదా తాతగారూ" అన్నాడు. అవును, అన్నాను. ఆలోచించి, సరేనన్నాడు.

ఇక నేను ఆపుతాను. ఇక్కడ నా పక్కన కూర్చున్న ఈ అమ్మాయి నా దగ్గర నేర్చుకుంటున్నది. ఎవరి నోటా తాను విననిది, వరుస కట్టినట్టు నాకు కూడా తెలియనిది అయిన ఒక అన్నమయ్య సంకీర్తన తీసుకుని మూడు నెలలు కూర్చుంది. మొదటి నెలంతా వరుస కట్టలేదు, అర్థం రాసుకుంది. రెండో చరణం చివర ఒక చోట ఆమె పట్టిన ప్రయోగం నాకు ఇంకా ఒప్పుదల కాలేదు. చెప్పాను, ఆమె ఒప్పుకోలేదు, కారణం చెప్పింది. ఆ కారణం మీరూ వినాలి. అమ్మా, తంబురా సరిచూసుకో. పాట అయ్యాక ప్రశ్నలు ఉంటే ఆమెను అడగండి.